దూదెమ్మ కనుమ

దుమ్ము పరచడం కూడా ఒక పనేనా అని నవ్వినవాళ్ళు మౌలా సాహెబ్ పరిచిన దుమ్మును చూసి ఉండరు. అడవిలో బండిబాటకు అడ్డంగా, బారెడు వెడల్పున ఒక పట్టీ పరిచేవాడు. ముందు ఆ జాగాలో రాళ్ళు, పుల్లలు ఏరి, కసువు ఊడ్చి, పుట్టమన్ను దంచి, ఆ మన్నును పాత నూలుచీర ముక్కలో జల్లించి, చేటతో పలచగా చల్లేవాడు. చేత్తో సర్దేవాడు కాదు. చెయ్యి తగిలితే మన్ను అణుగుతుంది, అణిగిన చోట అడుగు సరిగా పడదు. పని ముగిశాక ఆ పట్టీ మీదుగా తొండ పరుగెత్తినా దాని తోక గీత కనిపించేది. పులి నడిస్తే నాలుగు వేళ్ళూ మడమా విడివిడిగా, చెక్కినట్టు పడేవి. పొద్దున్నే వచ్చి, ఆ అడుగు చుట్టూ రేకుముక్కను గుండ్రంగా నిలిపి, ప్లాస్టర్ పిండిని చిక్కటి మజ్జిగలా కలిపి, చెంచాతో అంచు నుంచి మెల్లగా వదిలేవాడు. నడిమి నుంచి పోస్తే దుమ్ము లేస్తుంది. గట్టిపడ్డాక ఎత్తి కడిగితే పులి పాదం చేతికొచ్చేది.

నాది ఆళ్ళగడ్డలో జీపుల షెడ్డు. అటవీశాఖ బండి మూలపడినప్పుడల్లా నా జీపును బాడుగకు పిలిచేవాళ్ళు, నేనే తోలుకుపోయేవాణ్ణి. అహోబిలం కొండల వెనక, కర్నూలు జిల్లా అడవి ముగిసి కడప జిల్లా అడవి మొదలయ్యే చోట వాళ్ళ క్యాంపు ఉండేది. మౌలా సాహెబ్‌ను నేను ఎరిగింది అక్కడే.

అతను పుట్టింది ఆత్మకూరులో, దూదేకుల ఇంట్లో. చిన్నప్పటి నుంచి తండ్రి వెంట దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగాడు. పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లు నారితో మీటి మీటి పొగలా లేపి, మళ్ళీ కూరి కుట్టి ఇవ్వడం వాళ్ళ పని. పరుపు మీద ఒకసారి అరచెయ్యి పోనిస్తే ఎక్కడ దూది తగ్గిందో అతనికి తెలిసేది. స్పాంజి పరుపులు వచ్చాక ఊళ్ళలో పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. భార్య అబీదా బీ పుట్టిల్లు రుద్రవరం పక్కన. ఆ ఊరికి చేరి, అడవిలో దినకూలీ వాచరుగా కుదిరాడు. వేసవిలో మంటలు ఆర్పడం, బాటలు చేయడం, పులి జాడలు చూడడం.

"దూది దుమ్ము ముక్కుల్లో పోతాండాదని ఆ పని ఇడిస్తివి. ఇప్పుడు మన్ను దుమ్ము తింటాండావు. నీ నొసట దుమ్మే రాసినట్టుండాడు దేవుడు" అనేది అబీదా బీ, అతను ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే.

"దూదికైతే దుడ్లిచ్చేవాళ్ళు లేరు. దీనికి ఇస్తాండారు గదా" అనేవాడు.

"ఇస్తాండారా? పోయిన ఉగాదికి ఇయ్యాల్సింది ఈ రంజానుకు ఇచ్చిరి."

ఆ కొండల్లో ఒక ఆడపులి తిరిగేది. దాని ఎడమ వెనక కాలి బయటి వేలు పక్కకు తిరిగి ఉండేది. ఎప్పుడో తీగలో ఇరుక్కుని పీక్కున్న కాలు. అందుకే దాని అడుగును ఎవరైనా గుర్తుపట్టవచ్చు. వేసవిలో కర్నూలు వైపు లోయలో ఊటనీళ్ళు ఉంటాయి కాబట్టి ఇటు ఉండేది. వానలు పడి కడప వైపు బుడ్డలని పిలిచే వేరుశనగ చేలు ఏపుగా వచ్చాక, ఆ చేల మీద పడే అడవిపందుల వెంట అటు పోయేది. పోవడానికీ రావడానికీ దానికి ఒకటే దారి, ఎద్దులకనుమ. రెండు గుట్టల మధ్య ఎడ్లబండి పట్టేంత సందు అది. ఆ సందులోనే రెండు జిల్లాల పొలిమేర.

ఇటువైపు ఉన్నప్పుడు దాని బాధ్యత మౌలా సాహెబ్‌ది. అటు దాటితే లేవిది. లేవి కడప వైపు వాచరు, పొడుగాటి మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించేవాడు. కడప వైపు అడవి అంచున కొత్తపెంట అనే పల్లె ఉంది. అక్కడి రైతులు పందుల బాధ పడలేక చేల గట్ల మీద తీగ ఉచ్చులు కట్టేవాళ్ళు. స్కూటర్ల క్లచ్ తీగ. మెడో కాలో దూరితే బిగుసుకుంటుంది, ఎంత లాగితే అంత బిగుస్తుంది. పులి అటు వచ్చిందని తెలిస్తే లేవి పల్లెలో చెప్పి, గట్లన్నీ తిరిగి తీగలు ఊడదీయించేవాడు. తెలియకపోతే అతను మాత్రం ఏం చేస్తాడు. ఏడాది పొడుగునా తీగలు కట్టవద్దంటే ఏ రైతూ వినడు. వచ్చిందప్పా, ఈ నెల రోజులు ఆపండి అంటే వింటారు.

తెలియజేయడమే కష్టం. అప్పుడు అడవిలో సెల్‌ఫోను పనిచేసేది కాదు. వైర్‌లెస్ సెట్లు ఎవరి డివిజన్ లోపల వాళ్ళకే. కర్నూలు వైపు సెట్టులో మాట్లాడితే కడప వైపు వినపడదు. పై ఆఫీసు నుంచి పై ఆఫీసుకు పోయి కిందికి దిగేసరికి పులి పోయి వచ్చేది కూడా. పైగా ఆ రోజుల్లో అడవిలో ఒకవైపు అన్నలు, ఒకవైపు పోలీసులు. వాచరు తన బీటు దాటి ఇంకోవైపు కనిపిస్తే ఇద్దరికీ అనుమానమే.

కనుమ దగ్గర ఒకసారి ఇద్దరూ ఎదురుపడ్డప్పుడు దారి వెతికింది మౌలా సాహెబే. సందుకు ఇటొకటి అటొకటి బిక్కి చెట్లు ఉన్నాయి. పులి ఎటు ఉంటే అటు చెట్టుకు దూది కట్టాలి. అది అటు దాటిన జాడ కనిపిస్తే మౌలా సాహెబ్ తన చెట్టు దూది విప్పి అటు చెట్టుకు కడతాడు. తిరిగొచ్చిన జాడ కనిపిస్తే లేవి విప్పి ఇటు కడతాడు.

"గుడ్డపేలిక కడితే పోలా? దూదే యాల?" అన్నాడు లేవి.

"పేలిక గాలికి కొట్టుకొచ్చి ముండ్లకు తట్టుకునేది మామూలే. ఏకిన దూదిని పోగు దీసి ముడేస్తే అది మనిషి కట్టిందేనని తెలుస్తాది. గుట్ట కింద నుంచి తెల్లగా అగుపిస్తాది. చెట్టు కాడికి ఎక్కే పని లేదు నీకు."

"అన్నా, నువ్వు పులికి పరుపు గూడా కుట్టేటట్టుండావే."

ఆ ఏర్పాటు నడిచింది. వానకు తడిసి నల్లబడితే మార్చేవాళ్ళు. వాళ్ళిద్దరూ నెలల తరబడి కలుసుకోకపోయినా పులి ఎటు ఉన్నదీ ఇద్దరికీ తెలిసేది. రెండు వానాకాలాలు అది కడప వైపు దాటి, చేల మధ్య తిరిగి, క్షేమంగా వెనక్కి వచ్చింది. ఒక ఏడు దాని వెంట పిల్ల అడుగులు కూడా పడ్డాయి, ఎదిగాక ఆ పిల్ల విడిపోయింది. దీని గురించి ఆఫీసుల్లో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన పని కూడా లేకపోయింది.

చెడింది ఎక్కడంటే, కొత్తపెంట మేకలవాళ్ళు కనుమ దాకా వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకామెకు బిడ్డలు నిలవక మనసంతా దాని మీదే ఉండేది. ఆమె ఒక రోజు ఇటు చెట్టుకు తెల్లటి దూది చూసింది. కొన్నాళ్ళకు అది అటు చెట్టుకు ఉంది. మళ్ళీ కొన్నాళ్ళకు ఇటు. కట్టేవాళ్ళు కనపడరు, విప్పేవాళ్ళు కనపడరు. చెట్టు నుంచి చెట్టుకు దేవతే మారుతోందనుకుంది. తానూ ఒక దూదిపోగు కట్టి మొక్కుకుంది. ఆమెకు ఆ ఏడు బిడ్డ నిలిచాడు.

ఆ మాట ఊరూరా పాకిన తర్వాత నేను క్యాంపుకు సామాను చేర్చడానికి పోయినప్పుడు మౌలా సాహెబ్ జీపెక్కి, "కనుమ దాకా పానియ్యి" అన్నాడు. గుట్ట కింద బండి ఆపి చూశాం. రెండు చెట్లూ తెల్లగా ఉన్నాయి. చిటారు కొమ్మల దాకా దూది. మధ్య మధ్య పసుపు గుడ్డలు, చిన్న చిన్న చెక్క ఉయ్యాలలు. లేవి ఒక రాతి మీద కూర్చుని ఉన్నాడు.

"రాన్నా. మన పులి ఈ పొద్దు రెండు పక్కలా ఉండాది" అన్నాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "దూదెమ్మంట పేరు. శనివారం శనివారం వస్తాండారు. మైదుకూరు నుంచి ఆటోలు గుట్ట కింద దాకా వస్తాండాయి."

"మన దూది ఏది దీంట్లో?"

"నన్నడుగుతావా? నువ్వు ఏకినోడివి, నువ్వు గుర్తుపట్టు."

మౌలా సాహెబ్ ఒక్కో కొమ్మా వంచి చూశాడు. తన ముడి ఎక్కడో అడుగున ఉంది. ఎక్కడ ఉన్నా ఇప్పుడు దానికి అర్థం లేదు. ఇంకో గుర్తు పెట్టుకుందామన్నాడు లేవి. రాళ్ళు పేరుద్దామంటే రాళ్ళు కూడా పేరుస్తారు. సున్నం రాద్దామంటే కుంకుమ కూడా రాస్తారు. ఆ కనుమలో ఏ గుర్తు పెట్టినా భక్తులు చూస్తారు, ఆ కనుమ తప్ప పులికి దారి లేదు.

ఒక శనివారం మౌలా సాహెబ్ స్వయంగా పోయి ఆ జనానికి చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను, ఇద్దరు వాచర్లను దించడానికి పోయి.

"అమ్మా, ఇది దేవుడూ కాదు దయ్యమూ కాదు. నేను కట్టిన దూది. పులి ఎటు పోయిందో మా తమ్మునికి తెలియాలని కట్టినా. మీరిట్ల వస్తే అది ఈ దారిన రాదు. దండం పెడతా, పోండి."

టెంకాయ కొడుతున్న ముసలామె ఒకామె అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు ఎవరప్పా?"

"వాచర్‌నమ్మా. దూదేకులోన్ని."

"చూస్తిరా" అంది ఆమె పక్కవాళ్ళతో. "సాయిబు చేత కట్టిచ్చుకునింది తల్లి." మళ్ళీ అతనితో, "నువ్వు కడితివి, సరే. నీ చేత కట్టిచ్చిందెవరు నాయనా?"

 ఇంతలో ఒకామె చంటిబిడ్డను తెచ్చి అతని కాళ్ళ దగ్గర పడుకోబెట్టింది. అతను వెనక్కి జరిగితే జనం కూడా జరిగారు. చేతిలో దూది పెట్టి బిడ్డ మొలకు కట్టమన్నారు. కట్టకుండా వచ్చేయబోతే ఆ తల్లి ఏడ్చింది. దాంతో కట్టి వచ్చాడు. ఆ తర్వాత శనివారాలు కనుమ దిక్కుకు పోవడం మానుకున్నాడు.

ఆ ఏడే, 2005లో, రాజస్థాన్‌లో పేరున్న ఒక అడవిలో పులి ఒక్కటి కూడా మిగలలేదని పేపర్లలో వచ్చింది. దేశమంతా గోల. ఇరుగుపొరుగు డివిజన్లు కలిసి పులులను కాపాడాలని పైనుంచి గట్టిగా చెప్పారు. అందుకోసం రెండు వైపుల రేంజర్లు అహోబిలం దగ్గర ఒక గెస్టుహౌసులో కూర్చున్నారు. కర్నూలు వైపు రేంజరు ప్రదీప్‌కుమార్. చెడ్డమనిషి కాదు. వాచర్ల కూలి ఆలస్యమైతే తన జేబులోంచి ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. అటువైపు రేంజరు కొత్తగా వచ్చినాయన, జాగ్రత్తపరుడు. మౌలా సాహెబ్‌ను, లేవిని కూడా పిలిచారు. నేను బయట వరండాలో ఉన్నాను. కిటికీ తెరిచే ఉంది.

"వేలు తిరిగిన ఆడపులి మా లెక్కలో ఉంది" అన్నాడు కడప వైపు రేంజరు.

"మా లెక్కలోనూ ఉంది" అన్నాడు ప్రదీప్‌కుమార్.

"రెండూ ఒకటే సార్" అన్నాడు లేవి.

"తెలుసులేవయ్యా" అన్నాడు ప్రదీప్‌కుమార్. "పాదాల అచ్చులు పక్కపక్కన పెట్టి చూసిన దినమే తెలుసు. ఎవరు కొట్టెయ్యాల? పులి తగ్గిందని ఈ సంవత్సరం ముందుగా రాసేవాడు ఎవడు?"

"మీరు కొట్టెయ్యండి సార్, మాది చిన్న అడవి" అన్నాడు కడప వైపు రేంజరు.

"మీదెంత చిన్నదైనా మీ పైన సారు పెద్దాయన. మీరే కొట్టెయ్యండి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎవరూ కొట్టెయ్యలేదు.

అప్పుడు మౌలా సాహెబ్ కనుమ సంగతి ఎత్తాడు. ఒక్కటైనా రెండైనా దానికి దారి అదొక్కటేనని, జనం రాకుండా ఆపాలని. ఆపడం మాట వచ్చేసరికి చెట్లు ఎవరి పరిధిలో ఉన్నాయన్న మాట వచ్చింది. పొలిమేర రాయి ఎప్పుడో పోయింది. చెట్లు మీవైపంటే మీవైపని కాసేపు అనుకున్నారు. సర్వే చేయించి, ఎవరివైపు తేలితే వాళ్ళు తీసేయించాలని తీర్మానించారు. నెలకొకసారి రెండు వైపుల వాళ్ళూ కలిసి అడవి తిరగాలని కూడా. చేతులు కలుపుకొని ఫోటో దిగారు. వాచర్లకు కూడా మైసూరుపాకు ఇచ్చారు.

కలిసి తిరగడం ఒక నెల జరిగింది. రెండో నెల అటువైపు బండి లేదు, మూడో నెల ఇటువైపు డీజిల్ లేదు. సర్వేయరు అడవిలోకి రావడానికి భయపడ్డాడు. ఆలోపల పోరుమామిళ్ళ వ్యాపారి ఒకాయన, దూదెమ్మ దయ వల్ల కొడుకు కామెర్లు తగ్గాయని, రెండు చెట్ల నడుమ సిమెంటు అరుగు కట్టించాడు. నాపరాళ్ళు పరిపించాడు. పులి నడిచే సందుకు సరిగ్గా అడ్డం పడింది అరుగు. అది కట్టడానికి పదిహేను రోజులు కూలీలు అక్కడే వండుకుని తిని పడుకున్నారు. ఇది అటువైపు కట్టారని ఇటువాళ్ళు, ఇటువైపు కట్టారని అటువాళ్ళు పైకి రాశారు.

వానలు మొదలయ్యాయి. కనుమకు ఇవతల మౌలా సాహెబ్ పరిచిన పట్టీలో పులి అడుగులు పడ్డాయి. నన్ను పిలిచి చూపించాడు. అడుగులు కనుమ వైపే పోయాయి. మలుపు తిరిగి అరుగు కనిపించే చోట ఆగాయి. అక్కడ కూర్చున్న గుర్తు ఉంది, తోక నేలకు కొట్టిన గీత ఉంది. మళ్ళీ వెనక్కి తిరిగాయి.

"ఎంతసేపు కూర్చునిందో" అన్నాడు. "పక్కన చీమలదారి ఉండాది చూడు. మొత్తం తోక కింద పడి చెదిరింది. కొంచెం సేపు కాదు."

మరికొన్ని రోజులు అది అట్లాగే వచ్చి పోయింది. తర్వాత కనుమ వైపు రావడం మానేసింది. మౌలా సాహెబ్ వెతికి వెతికి జాడ పట్టుకున్నాడు. తూర్పున ఒక వంక ఉంది, బండల మధ్య దిగుతుంది. ఆ వంక వెంట దిగితే కడప వైపు అడవిలోకి కాదు, నేరుగా కొత్తపెంట చేలలోకి తేలుతుంది.

క్యాంపుకు వచ్చి ప్రదీప్‌కుమార్‌తో వైర్‌లెస్‌లో మాట్లాడాడు. "సార్, అది వంక దారి పట్టినాది. లేవికి చెప్పండి సార్. గట్లన్నీ తీగలుంటాయి."

"చెప్తా సాయిబూ. ఇప్పుడు రూలు మారింది. ఉమ్మడి కార్యక్రమం అయ్యాక నోటిమాట కుదరదంట, ఆఫీసు ద్వారా పోవాల. ఈ రోజే పంపిస్తా."

పంపించాడు కూడా. ఆ మాట అబద్ధం కాదు. అది కర్నూలు పోయి, కడప పోయి, మళ్ళీ కిందికి దిగాలి. మౌలా సాహెబ్ ఆగలేక తనే కనుమ ఎక్కి అటు దిగబోయాడు. అక్కడ శనివారం జనం. అతన్ని చూసి చుట్టుముట్టారు. విడిపించుకుని అటు దిగేసరికి లేవి బీటులో లేడు. ఉమ్మడి తీర్మానం పేరు చెప్పి లేవిని అరుగు దగ్గర జనాన్ని అదుపు చేసే డ్యూటీకి వేశారని, శనివారాలు అక్కడే ఉండాలని తోటి వాచర్లు చెప్పారు. అంటే ఇద్దరూ ఆ జనంలోనే ఒకరినొకరు చూసుకోకుండా తిరిగారన్నమాట. మళ్ళీ ఎక్కి వెతికి పట్టుకునేసరికి పొద్దు వాలింది. లేవి మాట పూర్తిగా వినకుండానే లేచి పరుగెత్తాడు. ఆ రాత్రి చీకట్లోనే కనిపించినన్ని తీగలు ఊడదీశాడట. అన్ని గట్లూ ఒకడు తిరగగలిగేవి కావు.

అది పోయిన జాడ మౌలా సాహెబ్‌కు దొరికింది. తిరిగొచ్చిన జాడ దొరకలేదు. దసరా పోయింది, చలి వచ్చింది. చలి పోయి ఊటనీళ్ళకు రావాల్సిన వేసవి వచ్చింది. వంక నోట్లో, కనుమ కింద, ఊట దగ్గర, అన్నిచోట్లా పట్టీలు పరిచాడు. దుమ్ములో కొండగొర్రె, ముళ్ళపంది, ఎలుగు నడిచాయి. వేలు తిరిగిన అడుగు లేదు.

కర్నూలు వైపు అడిగితే అది కడప వైపు ఉందన్నారు. కడప వైపు అడిగితే వేసవి కదా, కర్నూలు వైపు ఉంటుందన్నారు. కలిసి ఒకసారి వెతుకుదామని మౌలా సాహెబ్ రెండుసార్లు రేంజరు దగ్గరికి పోయాడు. "ఎవరో ఒకరు లేదు అంటేనే వెతకడం మొదలయ్యేది సాయిబూ. ఇద్దరమూ ఉంది అంటాండాం" అన్నాడు ప్రదీప్‌కుమార్. ఆ మాటలో వెటకారం లేదు.

చివరికి మౌలా సాహెబ్ నా షెడ్డుకు వచ్చాడు. "జీపు కావాల. కొత్తపెంటకు పోవాల. సొంత పని" అన్నాడు. లేవిని దారిలో ఎక్కించుకున్నాం.

వంక చేలలోకి తేలే చోట ఒక బుడ్డల చేను ఉంది, అప్పటికే పీకేసి దున్నేశారు. గట్టు మీద ఒక చండ్రచెట్టు. మౌలా సాహెబ్ ఆ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మోకాలెత్తున కాండం చుట్టూ బెరడు తెగి, తీగ ఒరుసుకుని లోతుగా గాడి పడింది. గాడికి పైన, ఎత్తుగా, బెరడు నిలువునా చీలికలు చీలికలుగా ఊడి ఉంది. చెట్టు చుట్టూ గడ్డి ఒక వలయంలో మొలవలేదు. ఆ వలయంలో చేనుతో పాటు గట్టును కూడా దున్నారు. గట్టును ఎవరూ దున్నరు.

లేవి ఆ చీలికల మీద చెయ్యి పెట్టి తీసేశాడు. "పంది ఇంత పైకి గీకదు గదన్నా" అన్నాడు.

"గీకదు" అన్నాడు మౌలా సాహెబ్.

చేను కృష్ణవేణమ్మది. పల్లె మొదట్లోనే ఇల్లు. ఆమె ముంగిట్లో బుడ్డలు కొడుతోంది. మమ్మల్ని చూసి చేట కింద పెట్టి లేచింది, నీళ్ళు తెచ్చి ఇచ్చింది. లేవి ఆమెకు తెలిసినవాడే, మౌలా సాహెబ్‌ను కూడా గుర్తుపట్టింది.

"దూదెమ్మ సాయిబు గదా నువ్వు? కూచో అన్నా."

"మీ ఆయన యాడమ్మా?"

"ఎర్రగుంట్లకు పోయినాడు. సిమెంటు మూటలు ఎత్తే పనికి."

"ఎప్పుడు పోయినాడు?"

"దసరాకు ముందే."

"చేను కోతకు రాకముందే పోయినాడా?"

ఆమె మళ్ళీ చేట అందుకుంది. మౌలా సాహెబ్ నీళ్ళ చెంబు కింద పెట్టాడు. "చెల్లెమ్మా, నేను కేసు పెట్టేవాన్ని కాదు. నాకు ఆ అధికారం లేదు. చెట్టు చూసొస్తి. అదేనా కాదా, అంతే చెప్పు."

"చెప్తే మీ పులి వస్తాదా?"

అతను తల ఊపాడు, రాదన్నట్టు.

"చెప్తే మా మనిషిని తీసకపోతారు. అంతే గదా జరిగేది" అంది. బుడ్డల కుప్ప వైపు చూస్తూ మాట్లాడింది. "పందులు సగం చేను తినె. తీగ కట్టకపోతే మిగతా సగం తింటాయి. వచ్చిందని లేవన్న చెప్పినప్పుడంతా ఊడదీస్తిమి. ఏమన్నా, ఊడదీస్తిమా లేదా?"

"తీసినారు" అన్నాడు లేవి.

"ఈ తూరి చెప్పకపోతివే."

లేవి తల వంచుకున్నాడు. ఆమే మళ్ళీ అంది: "అరిచింది. అరిచింది అరిచింది. యాడుండాదో తెలుసు, దగ్గరికి ఎవరు పోతారు? కంబళ్ళు కప్పుకోని తలుపేసుకోని కూచుంటిమి. మా ఆయన చెవుల్లో దూది పెట్టుకునె. తెల్లారి అరుపు ఆగినంక పోయినాడు. పూడ్చిపెట్టినాడో, కాల్చినాడో నాకు చెప్పలా. నేను అడగలా. ఆ దినమే ఎర్రగుంట్లకు పోయె. ఇంగ రాలా."

మేము లేచాం. ఆమె మౌలా సాహెబ్‌ను ఆపి, లోపలికి పోయి ఒక బిడ్డను ఎత్తుకొచ్చింది. మూడు నాలుగు నెలల పాప. "దూదెమ్మకు మొక్కినాకే పుట్టింది. నీ చేత్తో ఒకసారి తల నిమురన్నా" అంది. అతను నిమిరాడు.

 తిరుగుదారిలో లేవి తన మలుపు దగ్గర దిగిపోయాడు. మౌలా సాహెబ్ రేంజు ఆఫీసు దగ్గర బండి ఆపమన్నాడు. నేను కూడా లోపలికి పోయాను.

ప్రదీప్‌కుమార్ అంతా విన్నాడు. చెట్టు సంగతి, దున్నిన గట్టు సంగతి. కృష్ణవేణమ్మ మాటలు మౌలా సాహెబ్ చెప్పలేదు. పల్లెలో ఎవరో అరుపు విన్నారంట సార్ అన్నాడు.

"చర్మం?"

"లేదు సార్."

"గోరు, ఎముక, ఏదన్నా?"

"లేదు సార్. తవ్వితే దొరుకుతాదేమో."

"తవ్వాలంటే ఆ భూమి కడప వైపుది. వాళ్ళు తవ్వాల. మా పులి మీ భూమిలో చచ్చిందని నేను రాయాల. మా పులి బతికే ఉంది, మా లెక్కలో ఉంది అని వాళ్ళు రాస్తారు." కుర్చీలో వెనక్కి వాలి ముఖం రుద్దుకున్నాడు. "రాసినా, ఎవడో ఒక పేదోడు జైలుకు పోతాడు. రుజువు లేక కేసు పోతాది. వానికి అప్పులు మిగుల్తాయి. చెప్పు సాయిబూ, రాయమంటావా?"

మౌలా సాహెబ్ నిలబడే ఉన్నాడు. ఇంకో మాట అడిగాడు. "ఆ వంక దారి ఇంకో పులి గూడా పడతాది సార్. దీని పిల్ల ఒకటి ఉండె గదా. కనుమ మూసుకుపోయింది గదా. వంక దిగువన చేల కాడ నేను దుమ్ము పరుస్తా. లేవికి నేనే చెప్తా. నన్ను అటు పోనియ్యండి."

"అటువైపు మనది కాదు సాయిబూ."

అతను సరే సార్ అని బయటికి వచ్చాడు. ఆఫీసు ముందు కుండలో నీళ్ళు ముంచుకుని ముఖం కడుక్కుని తాగాడు. జీపులో కూర్చున్నాడు.

"ఇంటికేనా?" అన్నాను. "అబీదా బీ చూస్తుంటుంది."

"డ్యూటీ ఉండాది. ఇటు పక్కనన్నా పట్టీ పరచాల. క్యాంపుకు పానియ్యి" అన్నాడు.